లిటిల్ ఊజ్ నదీ, అది పుట్టే చిత్తడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

తూర్పు ఇంగ్లండ్‌లో మా ఇంటికి ఎవరు వచ్చినా ఒక పూట ఈ నది దగ్గరికి తీసుకెళ్లడం నాకు అలవాటు. వచ్చినవాళ్లు మొహం చిన్నబుచ్చుకోవడం కూడా అలవాటే. ఇన్నేళ్లుగా వాళ్లు అడిగిన ప్రశ్నలూ, ఫోనులో మిత్రులు అడిగినవీ ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నిటికి జవాబు పొడుగైంది. ఏం చేయను, అవి అలాంటి ప్రశ్నలు.

ఇది ఏ నది? ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది?

పేరు లిటిల్ ఊజ్. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. నార్ఫోక్, సఫోక్ కౌంటీల మధ్య చాలా దూరం ఇదే సరిహద్దు. థెల్నెథమ్ అనే పల్లెకు తూర్పున పుట్టి, పడమరగా థెట్‌ఫోర్డ్, బ్రాండన్ పట్టణాల మీదుగా వెళ్లి, బ్రాండన్ క్రీక్ దగ్గర గ్రేట్ ఊజ్ నదిలో కలుస్తుంది. ఆ పెద్ద నది కింగ్స్ లిన్ దాటి ఉత్తర సముద్రంలో పడుతుంది. 'ఊజ్' అంటే పాత కెల్టిక్ మాటల్లో నీళ్లు అని చెబుతారు. ఆ లెక్కన దీని పేరు 'చిన్న నీళ్లు'. ఎగువ భాగం చూసినవాళ్లెవరూ ఈ పేరును తప్పుపట్టరు.

ఇదేనా నది?

మా పెద్దనాన్నగారు అడిగిన ప్రశ్న ఇది. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. థెల్నెథమ్ దగ్గర చిన్న వంతెన మీద నిలబడి, కిందికి చూసి, "ఏరా, నది అన్నావు, ఇది పంటకాలువ కదా!" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. ఎగువన చాలాచోట్ల ఇది ఒక్క గెంతులో దాటగలిగేంత సన్నం. పైగా తిన్నగా గీత గీసినట్టు పోతుంది. చుట్టుపక్కల పొలాల్లోని నీరు త్వరగా దిగిపోవాలని దీన్ని లోతుగా తవ్వి, వంపులు తీసేశారు. వంపులు పోయిన నది కాలువలా కాక మరెలా ఉంటుంది? కానీ తల ఎత్తి చూస్తే లోయ మాత్రం వెడల్పుగా, నిండా పీట్‌తో, అంటే కుళ్లని మొక్కలు పేరుకున్న నల్ల మట్టితో, పరుచుకుని ఉంటుంది. అసలు చూడవలసింది నీటి గీతను కాదు, ఆ గీతకు రెండు పక్కలా తడిసి ఉన్న నేలను. నది అక్కడ ఉంది.

రెండు నదులు ఒకే చోట పుట్టి చెరో దిక్కుకూ పోతాయంటారు, నిజమేనా?

నిజమే. రెడ్‌గ్రేవ్, సౌత్ లోఫమ్ అనే రెండు పల్లెల మధ్య ఒక రోడ్డు లోయను అడ్డంగా దాటుతుంది. దానికి తూర్పున వేవెనీ నది మొదలవుతుంది. పడమర వైపు లిటిల్ ఊజ్. మధ్యలో కొండ లేదు, గుట్ట లేదు, కంటికి కనిపించే మిట్ట కూడా లేదు. సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తులో ఉన్న చదునైన తడి నేల, అంతే. అక్కడ కురిసిన చినుకు అటు దొర్లితే గ్రేట్ యార్మత్ వైపు, ఇటు దొర్లితే కింగ్స్ లిన్ వైపు. చివరికి రెండూ చేరేది ఒకే ఉత్తర సముద్రం, కాకపోతే నార్ఫోక్ కౌంటీని చెరో పక్క నుంచీ చుట్టి వస్తాయి. అందుకే నార్ఫోక్ ఇంచుమించు ఒక ద్వీపమని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. సఫోక్ వాళ్లు ఆ మాటకు నవ్వి ఊరుకుంటారు.

నది మొదలయ్యే చోట గుడిలాంటిదో, రాయిలాంటిదో ఏమైనా ఉందా? ఫోటో దిగాలి.

లేదు. గోముఖం లేదు, కుండం లేదు. 'సరిగ్గా ఇక్కడే' అని వేలు పెట్టి చూపించగల చోటే లేదు. నేల ఊరుతుంది. ఊరిన నీరు గడ్డి మొదళ్లలో నిలుస్తుంది. నిలిచింది మెల్లగా ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి జారుతుంది. ఎక్కడో ఒకచోట అది పారుతోందని మనకు తెలుస్తుంది. ఫోటో కావాలంటే ఆ గడ్డిలోనే నిలబడి దిగాలి.

'ఫెన్' అంటే ఏమిటి? మామూలు బురద నేలేనా?

చిత్తడి నేలల్లో రకాలున్నాయి. వాన నీటి మీదే బతికే చిత్తడి ఒకటి, దాన్ని ఇంగ్లండ్‌లో 'బాగ్' అంటారు. దాని నీరు పులుపుగా, పోషకాలు లేకుండా ఉంటుంది. నేల అడుగు నుంచి ఊటగా పైకి వచ్చే నీటితో తడిసేది 'ఫెన్'. ఈ లోయ కింద ఉన్నది సుద్దరాయి. ఆ రాతి పొరల్లోంచి వచ్చే నీటిలో సున్నం నిండుగా ఉంటుంది. ఎరువుల్లో ఉండే నత్రజని, భాస్వరం మాత్రం బహు తక్కువ. సున్నం ఎక్కువ, సారం తక్కువ. ఈ రెండూ కలిసిన చోట బలిసి పెరిగే మొక్కలకు తిండి చాలదు. కాబట్టి ఏ ఒక్కటీ పెత్తనం చేయలేదు. బక్కపలచటి మొక్కలు వంద రకాలు పక్కపక్కనే సర్దుకుపోతాయి.

ఇక పీట్. నీటిలో నానుతున్న నేలలో గాలి ఉండదు. చచ్చిన ఆకూ, వేరూ పూర్తిగా కుళ్లదు. ఏటా పలచటి పొరగా పేరుకుంటుంది. మీటరు మందం పేరుకోవడానికి సుమారు వెయ్యేళ్లు పడుతుంది. చేతిలోకి తీసుకుని పిండితే టీ డికాక్షన్ రంగు నీళ్లు కారుతాయి. పిండిన తర్వాత అరచేతిలో మిగిలే పీచును పరీక్షగా చూస్తే గడ్డి కాడలు కాడల్లాగే కనిపిస్తాయి. అవి ఏ రాజుల కాలంలో పచ్చగా ఉండేవో!

నీరు తీసేస్తే మాత్రం కథ మారిపోతుంది. గాలి దూరుతుంది, పీట్ కుళ్లడం మొదలవుతుంది, వెయ్యేళ్లుగా దాచిన సారమంతా ఒక్కసారి బయటపడుతుంది. అప్పుడు దురదగొండి మొక్కలు, పొదలు లేస్తాయి.

అంత తడిగా ఉందంటే అక్కడ వానలు బాగా పడతాయా?

ఇది విని చాలామంది నమ్మరు. తూర్పు ఇంగ్లండ్ ఆ దేశంలో అన్నిటికంటే పొడి ప్రాంతం. ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటు కంటే ఏమంత ఎక్కువ కాదు. కాకపోతే చలిదేశం, ఆవిరయ్యేది తక్కువ. చలికాలంలో పడిన నీరు సుద్దరాయిలోకి ఇంకి, స్పాంజిలో దాగినట్టు దాగి, ఎండాకాలంలో కూడా నిదానంగా బయటికి వస్తుంది. ఇక్కడి చిత్తడి ఆకాశాన్ని నమ్ముకుని లేదు, పాతాళాన్ని నమ్ముకుని ఉంది.

మరి ఆ పాతాళంలో బోరు వేస్తే?

వేశారు. ఈ లోయ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

రెడ్‌గ్రేవ్ అండ్ లోఫమ్ ఫెన్ అని, వేవెనీ పుట్టే వైపున సుమారు 125 హెక్టార్ల చిత్తడి ఉంది. మూడు వందల ఎకరాలకు పైనే. ఇంగ్లండ్‌లో మిగిలిన లోయ చిత్తడుల్లో అతి పెద్దది. 1960 ప్రాంతంలో దాని అంచునే తాగునీటి కోసం లోతైన బోరు వేసి, రోజుకు లక్షల లీటర్లు తోడడం మొదలుపెట్టారు. ఎవరూ చెడు తలపెట్టలేదు. ఊళ్లకు నీళ్లు కావాలి, అడుగున నీళ్లున్నాయి. కానీ అంతవరకూ పైకి ఊరుతున్న నీరు ఆగిపోయింది. అంతకంటే ఘోరం, పైన పడిన వాన నీరు కూడా కిందికి గుంజుకుపోవడం మొదలైంది. నీటి దారి తలకిందులైంది. వేసవిలో గుంటలు ఎండాయి. పీట్ బీటలు వారింది. రంపపు తుంగ తగ్గి, విల్లో, బర్చ్ పొదలు కమ్ముకున్నాయి. బర్చ్ అంటే మన పాత గ్రంథాల్లోని భూర్జ వృక్షపు చుట్టమే. ఏదీ ఒక్క రోజులో జరగలేదు. మూడు, నాలుగు దశాబ్దాలు పట్టింది. అందుకే చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

ఈ భాగం చెప్పేటప్పుడు మా పెద్దనాన్నగారు మొదటిసారి నా వైపు తిరిగి కూర్చున్నారు. "పక్కవాడు నాలుగు వందల అడుగులకు బోరు దింపితే మన బావి ఎండదూ? అదే కదా!" అన్నారు. అదే. దీన్ని వివరించడానికి ఇక్కడివాళ్లు పటాలు, బాణం గుర్తులు, రంగుల గీతలు వాడతారు. ఆయనకు ఒక్క వాక్యం చాలింది.

ఆ తర్వాత జరిగింది మాత్రం మన దగ్గర నేను వినలేదు. వన్యప్రాణి సంస్థ, నీటి సరఫరా సంస్థ, ప్రభుత్వ విభాగాలు కలిసి, ఐరోపా నిధుల సాయంతో సుమారు 34 లక్షల పౌండ్ల పథకం వేశాయి. ఊళ్ల సరఫరాకు దూరంగా వేరే బోరు ఏర్పాటు చేసి, 1999లో పాత బోరును ఆపేశారు. నీరు తిరిగి పైకి రావడం మొదలైంది. కానీ అప్పటికే పై పొర పీట్ పాడై, అక్కరలేని సారం నిండిపోయి ఉంది. దాన్ని యంత్రాలతో గీకి ఎత్తేశారు. పొదలు కొట్టేశారు. బోరు ఆపడం ఒక మీట నొక్కినంత పని. నేలను మళ్లీ నేలగా చేయడం ఇంకా సాగుతూనే ఉంది.

ఆ ప్రసిద్ధ సాలీడు ఏమిటి? ప్రమాదమా?

మనుషులకు ఏ ప్రమాదమూ లేదు. తెలుగులో దానికి పేరు లేదు కాబట్టి 'తెప్ప సాలీడు' అందాం, ఇంగ్లీషు పేరుకు కూడా ఆ అర్థమే. బ్రిటన్‌లోని అతి పెద్ద సాలీళ్లలో ఇది ఒకటి. కాళ్లు చాపితే ఆడది అరచేతి వెడల్పు ఉంటుంది. ముదురు గోధుమరంగు ఒంటికి ఇరుపక్కలా మీగడ రంగు చారలు. ఈ దేశంలో ఇది ఉందని 1956 వరకూ ఎవరికీ తెలియదు. ఆ ఏడాది ఎరిక్ డఫీ అనే శాస్త్రవేత్త రెడ్‌గ్రేవ్ అండ్ లోఫమ్ ఫెన్‌లో దాన్ని కనుగొన్నారు. తర్వాత ససెక్స్‌లో ఒకచోట, వేల్స్‌లో ఒకచోట బయటపడింది. సహజంగా ఉన్నది ఆ మూడు చోట్లే. కనుగొన్న నాలుగైదేళ్లకే బోరు పడింది చూడండి, అదీ దాని అదృష్టం.

ఇది గూడు అల్లి వేటాడదు. నీటి అంచున తుంగ ఆకు మీద వెనక కాళ్లు ఆనించి, ముందు కాళ్లను నీటి మీద పెట్టి కూర్చుంటుంది. నీటి పైపొర దానికి తబలా చర్మంలాంటిది. పురుగు పడి కొట్టుకుంటే ఆ అదురు కాళ్లకు తెలుస్తుంది. పరుగున నీటి మీదే వెళ్లి పట్టుకుంటుంది. తూనీగలు, తోకకప్పలు, ఒక్కోసారి చిన్న చేపలు కూడా దాని తిండి. భయపెడితే ఆకు కాడ పట్టుకుని నీటి అడుగుకు దిగిపోతుంది. ఒంటి నూగులో చిక్కిన గాలి వల్ల అప్పుడది వెండి పూత పూసినట్టు మెరుస్తుంది.

దాని తల్లితనం గురించి కూడా చెప్పాలి. గుడ్ల సంచిని మూడు వారాల పాటు కోరలతో పట్టుకుని తిరుగుతుంది. ఎండిపోకుండా మధ్యమధ్యలో నీటిలో ముంచి తీస్తుంది. పిల్లలు వచ్చే వేళకు నీటి మీద తుంగ ఆకుల మధ్య గుడారంలా గూడు అల్లి, వాటిని అందులో వదిలి, పక్కనే కాపలా కాస్తుంది. ఒకసారి ఆగస్టు ఉదయం చెక్కబాట మీద బోర్లా పడుకుని అలాంటి గూటిని చూశాను. లోపల ఆవగింజలంత పిల్లలు వందల్లో, ఒక ముద్దగా. నా నీడ పడగానే ఆ ముద్ద విచ్చుకుంది. నీడ తీసేసిన కాసేపటికి మళ్లీ దగ్గరికి చేరింది. తల్లి మాత్రం కదలలేదు.

బోరు నడిచిన కాలంలో ఇవి కొన్ని గుంటలకే పరిమితమయ్యాయి. పూర్వం పీట్ తవ్విన గుంటలవి. కరువు వేసవుల్లో ఆ గుంటలకు పైపులతో నీళ్లు పెట్టి బతికించారు. ఉన్న ఆ కొద్ది చోట్లూ పోతే ఈ దేశంలో జాతే పోతుందన్న భయంతో 2010 నుంచి వీటిని వేవెనీ దిగువన, యేర్ నది పక్కన ఉన్న చిత్తడులకు తరలించడం మొదలుపెట్టారు. ఈ పనికి ముందు నిలిచిన హెలెన్ స్మిత్ వేలాది సాలీడు పిల్లలను తన ఇంటి వంటగదిలోనే పెంచారు. ఒకదాన్నొకటి తింటాయి కాబట్టి ఒక్కొక్కదాన్నీ ఒక్కొక్క పరీక్ష నాళికలో పెట్టి, పండు ఈగలు మేపి సాకారు. ఈ మాట వింటే ఆడవాళ్లలో సగం మంది మెచ్చుకుంటారు, మిగతా సగం మంది వంటగదిలోనా అని ముక్కు మీద వేలేసుకుంటారు.

సాలీడు కాక ఇంకేం ఉన్నాయి?

ఎక్కువ కనిపించేది రెల్లులా ఎత్తుగా ఉండే గడ్డి. మన కొల్లేటి కిక్కిసకు ఇది స్వయానా దగ్గరి బంధువు, రెండూ ఒకే ప్రజాతి. దాని పక్కన రంపపు తుంగ. ఆకు అంచు మీద వేలు జారిస్తే రక్తం వస్తుంది, నేను జార్చాను. పూర్వం ఇంటి పైకప్పుకు కిక్కిస కప్పి, కప్పు కొనకు ఈ తుంగ వాడేవారు, ఇది వంగుతుంది కాబట్టి. వేసవిలో ఆర్కిడ్లు పూస్తాయి. ఆకుల మీది జిగురుతో పురుగులను పట్టి తినే మొక్క కూడా ఉంది. సారం లేని నేలలో బతకాలంటే మొక్కకైనా మాంసాహారం తప్పదు.

జంతువుల్లో నీటికుక్కలున్నాయి. ఒడ్డున బొరియలు చేసుకునే నీటి ఎలుకలు ఉన్నాయి. కనిపించవు, చటుక్కున నీటిలోకి దూకిన చప్పుడు వినిపిస్తుంది. లకుముకి పిట్ట, ఉల్లంకి పిట్ట, సాయంత్రం వేళ గడ్డి మీద చప్పుడు లేకుండా ఎగిరే తెల్లటి గుడ్లగూబ. చట్టం దృష్టిలో ఈ లోయకు అందరికంటే పెద్దమనిషి మాత్రం ఒక నత్త. పొడవు మూడు మిల్లీమీటర్లకు లోపే. తడి తుంగ ఆకుల మీద పాకుతుంది. ఐరోపా స్థాయిలో ఈ లోయ చిత్తడులకు ప్రత్యేక రక్షణ దొరకడానికి ఉన్న కారణాల్లో అది ఒకటి. నేను దాన్ని ఒక్కసారే చూశాను, అదీ చూపించినవారి భూతద్దంలో.

ప్రకృతిని కాపాడతామంటూ చెట్లు ఎందుకు నరుకుతున్నారు?

ఎందుకంటే ఈ చిత్తడి మనుషులు వాడుకోవడం వల్ల ఇలా ఉంది. వందల ఏళ్లుగా ఏటా కిక్కిస కోశారు, తుంగ కోశారు, పశువులను మేపారు, వంటచెరకుగా పీట్ తవ్వుకున్నారు. ఆ పనులు ఆగిపోయాక విల్లో, ఆల్డర్ చెట్లు మొలిచి నేలను ఆరబెట్టి నీడ కమ్మేస్తాయి. నరకడం, కోయడం, మేపడం ఆ పాత కూలీల పనికి బదులు. మేపడానికి పోలండ్ జాతి పొట్టి గుర్రాలను, కోనిక్‌లను, 1990ల్లో తెచ్చారు. మోకాళ్ల లోతు నీటిలో నిలబడి గరుకు గడ్డి నమలడం వాటికి ఇష్టమే. మా ఇంటి పిల్లలకు సాలీడు కంటే ఇవే నచ్చాయి, నిజం ఒప్పుకోవాలి.

ఈ భూమి ఎవరిది?

కొంత వన్యప్రాణి సంస్థలది, కొంత రైతులది. మూడో రకం గురించి చెప్పాలి. సుమారు రెండు వందల ఏళ్ల క్రితం ఊరుమ్మడి భూములను చట్టం చేసి పెద్ద రైతులకు పంచిపెట్టారు. అప్పటివరకూ ఆ బంజరులో పొయ్యిలోకి ఇంత తెచ్చుకున్న పేదవాళ్లకు ఏమీ మిగలలేదు. కంటితుడుపుగా ఊరికి కొన్ని ఎకరాల చిత్తడి వదిలి, అక్కడ పీట్ తవ్వుకోవచ్చన్నారు. దున్నడానికి పనికిరాని నేల కాబట్టే వదిలారని వేరే చెప్పనక్కర్లేదు. ఊరి ధర్మసంస్థల చేతిలో ఉన్న ఆ ముక్కలే ఇవాళ ఈ లోయలో మిగిలిన చిత్తడిలో ముఖ్యమైన భాగం. ధనవంతుల వాటాలు గోధుమ చేలయ్యాయి, పేదల వాటాలు ఆర్కిడ్లు పూస్తున్నాయి.

లిటిల్ ఊజ్ వైపు బాగు చేస్తున్నది ఎవరు?

ఊరివాళ్లే. 2002లో చుట్టుపక్కల పల్లెల వాళ్లు లిటిల్ ఊజ్ హెడ్‌వాటర్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ పెట్టుకున్నారు. హిండర్‌క్లే, బ్లో నార్టన్, థెల్నెథమ్ పల్లెల మధ్య ముక్కలుముక్కలుగా మిగిలిన చిత్తడులను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, వాటిని కలిపే నేలలను కూడా సంపాదిస్తూ వచ్చారు. పని ఎక్కువగా చలికాలంలోనే, పక్షులు గూళ్లు కట్టని రోజుల్లో. పదవీ విరమణ చేసినవాళ్లు, గడ్డకట్టే చలిలో మోకాలి బూట్లతో గడ్డి పరకలు లాగుతూ కనిపిస్తారు. మధ్యలో టీ, కేకు. ఆ కేకు లేకపోతే సగం మంది రారని వాళ్లలో ఒకరు నాతో అన్నారు, నవ్వుతూనే అన్నారు కానీ అబద్ధం అనిపించలేదు.

మనకూ ఈ నదికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. అది కోహినూరు దారిలో వస్తుంది.

కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే ఆ వజ్రం చేతులు మారి మారి సిక్కుల రాజ్యానికి చేరింది. 1849లో ఆ రాజ్యాన్ని బ్రిటిష్‌వాళ్లు కలుపుకున్నప్పుడు పదేళ్ల మహారాజు దులీప్ సింగ్ దాన్ని విక్టోరియా రాణికి అప్పగించేటట్టు ఒప్పందం రాయించుకున్నారు. పెద్దయ్యాక ఆయన 1863లో థెట్‌ఫోర్డ్ దగ్గరి ఎల్వెడెన్ ఎస్టేటు కొనుక్కుని అక్కడ ఉన్నారు. 1893లో పారిస్‌లో చనిపోతే తెచ్చి ఎల్వెడెన్ చర్చి ఆవరణలోనే పాతిపెట్టారు. థెట్‌ఫోర్డ్ మధ్యలో నదీపాయల నడుమ చిన్న లంక ఉంది, బటన్ ఐలాండ్ అంటారు. అక్కడ గుర్రం మీద ఉన్న ఆయన కంచు విగ్రహాన్ని 1999లో పెట్టారు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది ఆయన కొడుకు ఫ్రెడరిక్ సంగతి. పాత కట్టడాలంటే ప్రాణం పెట్టే మనిషి. థెట్‌ఫోర్డ్‌లోని ఒక పాత చెక్క ఇంటిని మ్యూజియం కోసం ఊరికి ఇచ్చేశారు. ఆయన 1909 నుంచి 1926లో చనిపోయేదాకా ఉన్నది బ్లో నార్టన్ హాల్‌లో. అంటే సరిగ్గా ఈ నది తొలి మైళ్లలో. ఆ పల్లె చర్చి ఆవరణలోనే ఆయన సమాధి. కృష్ణ ఒడ్డు రాయిని పోగొట్టుకున్న వంశంలో ఒకరు ఈ పంటకాలువంత నది ఒడ్డున నిద్రపోతున్నారు. మా పెద్దనాన్నగారు అక్కడ మాత్రం చెప్పులు విడిచి నిలబడ్డారు.

దిగువన చూడదగ్గవి ఏమున్నాయి?

చాలా ఉన్నాయి, కానీ ఈ పేజీ ఎగువ కోసం కాబట్టి త్వరగా చెబుతాను. థెట్‌ఫోర్డ్ దాటాక నది ఇసుక నేలలోకి వెళ్తుంది. 1668లో అక్కడి శాంటన్ డౌనమ్ పల్లె మీదికి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక దిబ్బలు వచ్చిపడి, ఇళ్లను ముంచి, నదినీ కొంత పూడ్చేశాయి. ఇంగ్లండ్‌లో ఎడారి కథ! ఇప్పుడు అక్కడ 1920ల నుంచి నాటిన పైన్ అడవి ఉంది. దగ్గర్లోనే గ్రైమ్స్ గ్రేవ్స్. నాలుగున్నర వేల ఏళ్ల క్రితం చెకుముకి రాయి కోసం జింక కొమ్ములతో తవ్విన గనులు, నాలుగు వందలకు పైగా గుంతలు. ఎగువన ఊటలకు నీరిచ్చే సుద్దరాయే ఇక్కడ చెకుముకి ఇచ్చింది. తర్వాతి కాలంలో బ్రాండన్ వాళ్లు అదే రాయిని చెక్కి సైన్యాల తుపాకులకు అమ్ముకున్నారు.

ఇంకా కిందికి లేకన్‌హీత్ ఫెన్. 1995లో పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ అక్కడి క్యారెట్ చేలు కొని, నీళ్లు పెట్టి, కిక్కిస నాటింది. 2007లో సారస జాతి కొంగలు అక్కడ గూడు పెట్టాయి. ఆ ప్రాంతంలో అవి గూడు కట్టడం సుమారు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. క్యారెట్ చేను పన్నెండేళ్లలో కొంగల కొలువైందంటే నీటి మహిమ కాక ఏమిటి?

నీళ్లు తాగవచ్చా? ఈదవచ్చా?

వద్దు. చూడ్డానికి తేటగా ఉన్నా పొలాల నుంచి దిగే ఎరువులు, ఎలుకల వల్ల వచ్చే జబ్బులు ఉంటాయి. ఎగువన ఈదడానికి లోతు కూడా లేదు.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

పూలకు మే నుంచి ఆగస్టు. సాలీడు గూళ్లకు జూలై, ఆగస్టు. గుడ్లగూబకు చలికాలపు సాయంత్రాలు. రైలులో అయితే లండన్ నుంచి నోరిచ్ వెళ్లే దారిలో డిస్ స్టేషన్ దగ్గర. అక్కడి నుంచి కొద్ది మైళ్లు, కారు గానీ సైకిలు గానీ ఉండాలి. రెడ్‌గ్రేవ్ అండ్ లోఫమ్ ఫెన్‌లో సందర్శకుల కేంద్రమూ, గుర్తులు పెట్టిన బాటలూ ఉన్నాయి. బ్లో నార్టన్ వైపు అవేవీ ఉండవు, కాలిబాట ఎటు పోతే అటు.

చెక్కబాట దిగి నడవవచ్చా?

నేను ఒకసారి దిగాను, ఒక ఆర్కిడ్ ఫోటో కోసం. పచ్చగా, గట్టిగా కనిపించిన నేల మోకాలి దాకా మింగింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. మిగిలిన ఒక్క బూటుతో కారు దాకా నడిచి వెళ్తుంటే ఎదురొచ్చిన ముసలాయన నా కాళ్ల వైపు చూసి, "ఏ గుంట దగ్గర?" అని అడిగాడు. చెప్పాను. "ఆ, అక్కడే నాదీ ఒకటుంది" అని సాగిపోయాడు.